తెల్ల ఓడ, ఎర్ర చార

మా ఇంటి ముందుగదికి సముద్రం వైపు ఒక కిటికీ ఉంది. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కిటికీ ఉందంటే చుట్టాలందరికీ అసూయే. ఆ కిటికీ ఊచల్ని ఎవరు చూసుకుంటారమ్మా అని మాత్రం ఒక్కరూ అడగరు. ఉప్పుగాలికి గ్యాసు పొయ్యి స్టాండూ, ట్రంకుపెట్టె అడుగూ, కుట్టుమిషను కాళ్ళూ, ఏదీ మినహాయింపు కాదు. ఇనుమన్నది ఇంట్లో ఉంటే దాన్ని రోజూ కొంచెం కొంచెంగా సముద్రం తింటూనే ఉంటుంది.

మా అమ్మాయి పెళ్ళికి ముందు ఇంటికి రంగులు వేయించాం. రంగులబ్బాయి ఊచల్ని చూసి, "అమ్మగారూ, తుప్పు గీకాలి, రెడ్ ఆక్సైడు కొట్టాలి, అది ఆరాక పెయింటెయ్యాలి. రెండ్రోజులు పడుతుంది" అన్నాడు. ముహూర్తం చూస్తే నాలుగు రోజుల్లో ఉంది. "పైపైన వేసెయ్ నాయనా" అన్నాను. వేశాడు. పెళ్ళి ఫొటోల్లో ఆ కిటికీ పాలనురుగులా ఉంటుంది. రెండో ఏడు వానాకాలంలో కర్టెను సర్దుతూంటే ఒక ఊచ ఊడి నా చేతిలోకి వచ్చింది. పైన పెయింటు చెక్కు చెదరలేదు, లోపల ఇనుమే లేదు!

ఆ సంగతి మర్చిపోయానుగానీ, 2022 జూన్‌లో మా ఊరికి విహారనౌక వచ్చినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. కార్డీలియా సంస్థవారి 'ఎంప్రెస్' అనే ఓడ విశాఖనించి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణీకుల్ని తీసుకెళ్ళింది. ఊరు ఊరంతా బీచికి కదిలింది. పక్కింటి పిన్నిగారు "ఎంత తెల్లగా ఉందే అమ్మాయ్, నిన్నగాక మొన్న కట్టినట్టుంది" అన్నారు. ఇంటికొచ్చి మావారిని అడిగితే, అది 1990లో నీళ్ళమీద తిరగడం మొదలెట్టిందని చెప్పారు. అంటే ముప్ఫై రెండేళ్ళు! ముప్ఫై గజాల దూరాన ఉన్న నా కిటికీ ఊచ రెండేళ్ళకే రాలిపోతే, సముద్రంలోనే కాపురం చేసే ఇనుము ముప్ఫై ఏళ్ళు ఎలా నిలిచింది? ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు పుస్తకాల వెంట తిప్పింది. నాకు దొరికినవాటిలో మీకూ పనికొచ్చే నాలుగు ముక్కలు చెబుతాను.

ముందు తుప్పంటే ఏమిటో చూద్దాం. ఇనుమూ, నీళ్ళూ, గాలిలోని ఆక్సిజనూ, ఈ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు చురుగ్గా సాగుతుంది. రాగిపాత్రకు పట్టే చిలుము పొర కింది రాగిని కొంత కాపాడుతుంది. తుప్పుకి ఆ మర్యాద లేదు. అది గుల్లగా ఉంటుంది, చెమ్మ లోపలికి దిగనిస్తుంది. పైగా తను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు బుడగలా ఉబ్బి పెచ్చులూడుతుంది. తెల్ల ఓడమీద కనిపించే ఎర్ర చార ఒక్కోసారి ఏ చిన్న మరనించో కారిన మరక మాత్రమే. ఒక్కోసారి లోపలి రోగానికి అది చీటీ. పైనించి చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. గీకి చూడాల్సిందే.

ఈ తగువు ఇనప ఓడలకన్నా ముందే మొదలైంది. కర్ర ఓడల అడుగు భాగాన్ని పురుగు తొలిచేస్తుందని బ్రిటిష్ నావికాదళంవారు 1761లో 'అలారం' అనే ఓడ అడుక్కి రాగిరేకు తొడిగారు. రెండేళ్ళ తర్వాత చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని తాకుతున్న ఇనప మేకులు చివికిపోయాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. ఎందుకయ్యా అంటే, రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని పనివాళ్ళు అక్కడక్కడ తియ్యకుండా వదిలేశారట. కాగితం అడ్డం ఉన్నచోట మేకు బతికింది. రెండు వేరువేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి తాకితే, వాటిలో రసాయనికంగా ఎక్కువ చురుకైనది అరిగిపోతుందన్న పాఠం అలా ఒక పనివాడి బద్ధకంవల్ల బయటపడింది.

ఈ లోపాన్నే ఉపాయంగా మార్చినవాడు సర్ హంఫ్రీ డేవీ, బొగ్గుగనుల దీపం కనిపెట్టిన ఆయనే. 1824లో ఆయన ఓడల రాగిరేకుకి అక్కడక్కడ ఇనుమో, జింకో చిన్నచిన్న ముక్కలు తగిలించమన్నాడు. సముద్రం ఆ ముక్కల్ని తిని రాగిని వదిలేసింది. ఎంత గొప్ప ఉపాయమో అనుకునేలోపల మరో చిక్కొచ్చింది. రాగి కొంచెం కొంచెం కరుగుతూంటేనే దాని విషానికి నత్తలూ, నాచూ దూరంగా ఉండేవి. కరగడం మానేసిన రాగికి అవన్నీ వచ్చి అంటుకున్నాయి, ఓడ నడక మందగించింది. నావికాదళంవారు ఆ ఉపాయాన్ని పక్కన పెట్టేశారు. పాపం డేవీ!

కానీ ఇనప ఓడలు వచ్చాక ఆ ఉపాయమే తిరిగొచ్చింది. ఇవాళ్టికీ పెద్ద ఓడల అడుగున జింకు దిమ్మలో, అల్యూమినియం దిమ్మలో బిగిస్తారు. చాలా ఓడల్లో దానికి బదులుగానో, తోడుగానో సన్నని విద్యుత్తు కూడా పంపుతారు. ఆ దిమ్మలకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరుకి అర్థం 'బలి అయ్యేది' అని. మన జింకు పూత బకెట్లలో జరిగేదీ ఇదే. పూత తను అరుగుతూ లోపలి ఇనుముని కాస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకి మేమంతా 'త్యాగమూర్తి' అని బిరుదిచ్చాం. ఇచ్చి ఊరుకున్నాం. ఓడవాళ్ళు నయం. జింకు ఎంత అరిగిందో డ్రైడాకులో కొలత వేసి, కొత్తది తెచ్చి బిగిస్తారు. త్యాగాన్ని పొగడడంతో సరిపెట్టుకోరు.

నీళ్ళకి పైనున్న భాగానికి మాత్రం ఉపాయాలేం లేవు, చాకిరీ తప్ప. ఒకప్పుడు పి అండ్ ఓ కంపెనీ ఓడల్లో ఆ చాకిరీ మన దేశపు లాస్కర్లది. వాళ్ళ పెద్దని సరంగు అనేవారు. మన గోదావరి లాంచీల మీద వినిపించే సరంగు ఆ మాటే. తుప్పుని చిన్న సుత్తితో కొట్టి రాల్చడం, తీగ బ్రష్షుతో రుద్దడం, మంచినీళ్ళతో ఉప్పు కడగడం, సిందూరం కలిపిన ఎర్ర పూత వెయ్యడం, దానిమీద పెయింటు. సిందూరంలో సీసం ఉంది, విషం, అంచేత ఇప్పుడు వేరే మందులొచ్చాయి. మిగతా వరస ఏమీ మారలేదు. విహారనౌక రేవులో ఆగి, ప్రయాణీకులు ఊరు చూడ్డానికి దిగినప్పుడు, ఓడ పక్కన ఊయల పలకలు వేలాడేసుకుని పెయింటు డబ్బాలతో మనుషులు కనిపిస్తారు. ఓడ ఒక చివరనించి రెండో చివరకు పూర్తయ్యేసరికి మొదటి చివర మళ్ళీ ఎర్రబడుతుంది. అంట్లు తోమిన మనకి ఇది కొత్త సంగతేం కాదు.

ప్రయాణీకుల ఓడ అడుగుని ఏటా పరీక్ష చెయ్యాలనీ, ఐదేళ్ళలో కనీసం రెండుసార్లు డ్రైడాకులో పెట్టి చూడాలనీ నియమాలున్నాయి. కదలకుండా ఉన్న ఓడకి కూడా సెలవు లేదు. 2020లో కోవిడ్ వచ్చి ప్రపంచమంతా విహారనౌకలు ఆగిపోయినప్పుడు, ప్రయాణీకుల్ని దింపేశారుగానీ చూసుకునే మనుషుల్ని కొందర్ని అట్టే పెట్టాల్సొచ్చింది.

చూసుకునే మనిషి లేకపోతే ఏమవుతుందో బ్రిస్టల్‌లో ఉన్న 'గ్రేట్ బ్రిటన్' అనే ఓడ చెబుతుంది. బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టించిన ఇనప ఓడ అది. 1843లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ నీళ్ళలోకి దింపాడు. అట్లాంటిక్ దాటింది, వేలమందిని ఆస్ట్రేలియా చేర్చింది, 1857లో మనమీదికి రావడానికి సైన్యాన్ని బొంబాయికి మోసింది. ముసలితనంలో ఫాక్‌లాండ్ దీవుల్లో గోదాముగా పడి ఉంది, 1937లో అక్కడే ఒక మూల దాన్ని ముంచి వదిలేశారు. 1970లో దాన్ని తేల్చి, పుట్టిన డాకుకే తెచ్చారు. ఒడ్డుకొచ్చింది కదా, ఇక ఫరవాలేదనుకుంటే తుప్పు ఆగలేదు. ఏళ్ళ తరబడి ఇనుములోకి ఇంకిన ఉప్పు, మన ఉప్పుజాడీలాగే, గాలిలో చెమ్మని లాక్కుంటోందిట. చివరికి 2005లో ఓడ నీటిమట్టం దగ్గర చుట్టూ అద్దం పరిచి, దానిమీద పల్చగా నీళ్ళు పోశారు. చూసేవాళ్ళకి సముద్రంలో తేలుతున్నట్టే ఉంటుంది. అద్దం కింద మాత్రం యంత్రాలు గాలిలో తేమని ఇరవై శాతం దగ్గరికి దించి, ఎడారిలా ఉంచుతాయి. ఒకసారి ఉప్పెక్కిన ఇనుముని జన్మంతా కాచుకోవాల్సిందే.

ఇక 'క్వీన్ మేరీ' కథ నా కిటికీకి అక్క. 1936లో తొలి ప్రయాణం చేసి, ముప్ఫై ఒక్కేళ్ళు తిరిగి, 1967లో అమెరికాలోని లాంగ్ బీచికి చేరి హోటలుగా మారింది. అప్పుడు దాని మూడు పొగగొట్టాలూ విప్పితే, రేకు లోపల తుప్పుకి బాగా దెబ్బతిని ఉంది. బయట మాత్రం పొరమీద పొరగా పెయింటు. పాతవాటికి బదులు అచ్చం అలాంటివే కొత్తవి చేసి పెట్టారు. ఇది చదువుతూ నేను నవ్వాను. పెళ్ళికి రంగులు వేయించింది నేనొక్కదాన్నే కాదన్నమాట!

ఆ నవ్వు తర్వాతి కథ దగ్గర ఆగిపోయింది.

2013 ఫిబ్రవరి 10న, కానరీ దీవుల్లోని లా పాల్మా రేవులో 'థామ్సన్ మెజెస్టీ' అనే విహారనౌక ఆగి ఉంది. ప్రమాదం వస్తే పడవలు దింపడం ఎలాగో సిబ్బంది అభ్యాసం చేస్తున్నారు. ఒక లైఫ్‌బోటుని ఎనిమిదిమందితో పైకి లాగుతుండగా దాని ఇనప తీగతాడు తెగింది. పడవ తల్లకిందులై నీళ్ళలో పడింది. ఐదుగురు పోయారు, ముగ్గురు గాయపడ్డారు. ప్రాణాలు కాపాడే పడవే ప్రాణాలు తీసింది. ఆ తాడు ముసలిదేం కాదు. 2010లో కొత్తగా వేశారు, నాలుగేళ్ళకి మార్చాలి, ఇంకా గడువుంది. విచారణవాళ్ళు చూస్తే తాడు లోపలి పోగులు తుప్పుకి తీవ్రంగా పాడై ఉన్నాయి. తెగిన చోటు, పడవ మామూలుగా కట్టి ఉన్నప్పుడు అన్నిటికంటే పైనున్న కప్పీమీద ఆనే చోటు. చూడ్డానికీ, గ్రీజు పెట్టడానికీ చెయ్యి సరిగా అందని చోటు.

ఆ వాక్యం చదివి పుస్తకం మూసేశాను. మా హాల్లో ఉయ్యాలబల్ల ఉంది. మామగారి నాటిది. ఇప్పుడు దానిమీద నా మనవరాలూ మనవడూ ఊగుతారు. గొలుసులు నేనే తుడుస్తాను, శుక్రవారం శుక్రవారం కొబ్బరినూనె గుడ్డతో నిగనిగలాడిస్తాను. కానీ గొలుసు పైకెళ్ళి కొక్కేన్ని పట్టుకునే చోటు, దూలం కింద? అక్కడ ఏముందో పాతికేళ్ళలో ఒక్కసారీ చూళ్ళేదు. ఇంటికి సున్నం వేసినప్పుడల్లా కొక్కేనికీ ఒక చెయ్యి పడేది, అంతే.

"ఏమండీ, నిచ్చెన పట్టుకోండి" అన్నాను.

"ఈ వయసులో నిచ్చెనేమిటే, మేస్త్రీని పిలుద్దాం" అన్నారు మావారు.

"పిలుద్దురుగాని. ముందు నేను చూడాలి."

ఎక్కాను. చాకుమొనతో సున్నం, పెయింటు గీకాను. మూడు కొక్కేలు బాగున్నాయి. నాలుగోదాని వంపులో, గొలుసు రాసుకునే చోట, చిటికెనవేలంత ఉండాల్సిన కడ్డీ పెన్సిలంత మిగిలింది. దాని చుట్టూ ఎర్రటి పొడి. కింద పిల్లలిద్దరూ "అమ్మమ్మా, ఏం కనిపించింది?" అని అరుస్తున్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ సాయంత్రమే ఉయ్యాల దింపించాం. మర్నాడు మేస్త్రీ వచ్చి నాలుగు కొత్త కొక్కేలు వేశాడు. ఈసారి గీకి, రెడ్ ఆక్సైడు కొట్టి, ఆరేదాకా కూర్చున్నాను. పిల్లలు మూడు రోజులు అలిగారు.

ఓడల్లో ఏ రోజు ఏది చూశారో పుస్తకంలో రాస్తారు. నాకా పుస్తకం లేదు. పాలలెక్క రాసుకునే కేలండరు ఉంది. ఇప్పుడు దానిమీద మూడునెల్లకోసారి, 'అరలీటరు ఎక్కువ' అన్నదాని పక్కనే, 'కొక్కేలు చూశాను' అని తేదీ వేస్తున్నాను.