పొలమే పాఠశాల: శిలైదహ నుండి శ్రీనికేతనము వరకు

విదేశములకు వెళ్ళి చదువుకొనుట మన దేశమునకు క్రొత్త గాదు. అయితే ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దపు తొలి దినములలో అట్లు వెళ్ళినవారిలో పెక్కుమంది న్యాయశాస్త్రమో, వైద్యమో చదివి, లేక సివిలు సర్వీసు పరీక్షకు కూర్చుండి తిరిగి వచ్చుచుండిరి. సేద్యము నేర్చుకొనుటకు సముద్రము దాటినవారు అరుదు. అట్టివారిని పంపినవాడు ఒక కవి.

1906లో రవీంద్రనాథ ఠాకూరు తన కుమారుడు రథీంద్రనాథుని, మిత్రుని కుమారుడగు సంతోషచంద్ర మజుందారును వ్యవసాయశాస్త్రము చదువుటకై అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు పంపెను. మరుసటి సంవత్సరము అల్లుడు నగేంద్రనాథ గంగూలీయు వారితో చేరెను. ఠాకూరు కుటుంబము జమీందారీ కుటుంబము. దాని రాబడి రైతులు చెల్లించు శిస్తు. కరవుచే బాధపడు రైతుల అన్నములోని భాగముతో మీరు చదువుచున్నారు, తిరిగి వచ్చి వారి అన్నమును కొంతయైనను పెంచగలిగినచో నా మనస్సునకు ఊరట కలుగునని కవి అల్లునికి వ్రాసెను. విదేశ విద్య సొంత సొత్తు కాదు, తీర్చవలసిన ఋణమని దీని భావము.

1909లో పట్టము పొంది వచ్చిన రథీంద్రనాథుడు నేడు బంగ్లాదేశములోనున్న శిలైదహలో పని ప్రారంభించెను. అమెరికా మొక్కజొన్న విత్తనములు, పశుగ్రాసమునకై క్లోవరు విత్తనములు తెప్పించెను. మన పొలములకు తగిన పనిముట్లు సమకూర్చెను. మట్టిని పరీక్షించుటకు చిన్న ప్రయోగశాల నెలకొల్పెను. కాని కొంతకాలమునకే ఆయన శాంతినికేతనపు పనులకు మరలవలసివచ్చెను.

రెండవ ప్రయత్నము మరింత నిలిచినది. దీనికి నాయకుడు లెనార్డు ఎల్మ్‌హర్స్టు అను ఆంగ్లేయుడు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, మొదటి ప్రపంచ యుద్ధకాలమున భారతదేశమునకు వచ్చి, పిదప అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయార్థశాస్త్రము అభ్యసించెను. 1922 ఫిబ్రవరి 6న శాంతినికేతనమునకు సమీపమునగల సురుల్ గ్రామమున గ్రామ పునర్నిర్మాణ సంస్థను ప్రారంభించెను. అదియే శ్రీనికేతనము.

అచట విద్యార్థులకు మొదటి పాఠము పుస్తకములో లేదు. తమ కూరగాయల మడులను తామే సాగుచేయవలెను. తమ మరుగుదొడ్లను తామే శుభ్రపరచి, మలమును కందకములలో పూడ్చి ఎరువుగా మార్చవలెను. కులాచారములలో పెరిగిన యువకులకు ఇది సులభమగు పని కాదు.

ఇందులోని శాస్త్రమేమి? ప్రతి పంటయు నేలనుండి నత్రజని, భాస్వరము, పొటాషియము మున్నగు పోషకములను గ్రహించును. ధాన్యము పట్టణమునకు పోవును. పట్టణపు వ్యర్థము మురుగు కాలువల ద్వారా నదిలో కలియును. పల్లె నేలకు తిరిగి చేరునది స్వల్పము. దీనినే ఎల్మ్‌హర్స్టు 1922లో కలకత్తాలో చేసిన ప్రసంగమున నేలను దోచుకొనుటగా వర్ణించెను. అయితే పచ్చి మలములో రోగక్రిములు, నులిపురుగుల గ్రుడ్లు ఉండును. కావున అది పూర్తిగా చివికి నిరపాయకరమైన పిమ్మటనే పొలమునకు వాడవలెను.

నేల ఒక్కటే బాగుపడినచో చాలదు. సురుల్ పరిసరములలో మలేరియా ప్రబలియుండెను. గ్రామస్థులు పరులను నమ్మకుండిరి. పల్లెల నెరిగిన కాళీమోహన ఘోష్ వంటి సహచరులు ఇంటింటికి పోయి వారి కష్టసుఖములు తెలిసికొనిరి. గ్రామ బాలురను ‘వ్రతీబాలకులు’ అను దళములుగా చేర్చి పారిశుధ్యము, మలేరియా నివారణ నేర్పిరి. గ్రామమేమి కోరుచున్నదో అడిగి తెలిసికొనుటయే ఇచట మొదటి ప్రయోగము.

ఎల్మ్‌హర్స్టు 1924లో సురుల్ విడిచెను. మరుసటి సంవత్సరము ఇంగ్లండులోని డార్టింగ్‌టన్‌లో ఒక పాత ఎస్టేటును కొని, భార్య డొరోతీతో కలిసి అచటను గ్రామ పునర్నిర్మాణమునకు పూనుకొనెను. బెంగాలు పల్లె నేర్పిన పాఠము ఈ విధముగా సముద్రము దాటినది. విద్య ఒక దిక్కునకే ప్రవహించునది కాదు.

ఉపాధ్యాయులు దీనిని తమ పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. భోజనానంతరము మిగులు ఆకులు, తొక్కలు ఒక వారము తూచి, గోతిలో వేసి, కొన్ని నెలల పిమ్మట వచ్చిన ఎరువును ఒక మడికి వేసి, వేరొక మడిని విడిచిపెట్టి చూడుడు. రెండు మడులలోని మొక్కల ఎత్తును విద్యార్థులే కొలుతురు గాక! అంతకు ముందు ఊరిలోని వృద్ధ రైతును ఒక మాట అడుగుట మరువరాదు.