టీవీ తెరపై నీడబొమ్మ: ఉపరితల ధ్వని తరంగ ట్రాన్స్‌డ్యూసర్ నమూనాల చరిత్ర

1975 ఆగస్టు 1న ఉపగ్రహ టీవీ ప్రయోగం ‘సైట్’ మొదలైనప్పుడు మన రాష్ట్రంలో టీవీ పెట్టెలు అందుకున్న పల్లెల్లో మహబూబ్‌నగర్ జిల్లావి కూడా ఉన్నాయి. ఆ పెట్టెలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. ఆనాటి టీవీల్లో కావలసిన చానెల్‌ను పక్క చానెళ్ల నుంచి వేరుచేసే పని సాధారణంగా తీగచుట్టలు, కెపాసిటర్లది. చుట్టలోని ఫెరైట్ కోర్‌ను కాస్త తిప్పి మెకానిక్ వలయాన్ని దారికి తెచ్చేవాడు. ఆ దశాబ్దం చివరి నుంచి వీటి స్థానంలో ఉపరితల ధ్వని తరంగ ఫిల్టర్లు రాసాగాయి. ఇందులో తిప్పడానికేమీ లేదు. ఫలకంపై లోహపు వేళ్లు అచ్చయ్యాక తప్పుంటే అది అలాగే ఉండిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌కు గణిత నమూనా ఎందుకు అంత అవసరమైందో దీన్నిబట్టి గ్రహించండి.

ఈ తరంగాలను 1885లో లార్డ్ రేలీ గణితపరంగా వివరించాడు. భూకంపం వచ్చినప్పుడు నల్లగొండ రాతినేల మీదుగా సాగేవాటిలోనూ ఇవి ఉంటాయి. 1965లో బర్కిలీలో వైట్, వోల్ట్‌మర్‌లు పీజో విద్యుత్ ఫలకంపై, రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలోకొకటి చొచ్చినట్లు ఎలక్ట్రోడ్లు అమర్చి వీటిని నేరుగా పుట్టించారు. కొలతలు చూడండి. లిథియం నయోబేట్‌పై తరంగ వేగం సెకనుకు సుమారు 4,000 మీటర్లు. మన టీవీల మధ్యస్థ పౌనఃపున్యం 38.9 మెగాహెర్ట్జ్. భాగిస్తే తరంగదైర్ఘ్యం దాదాపు 103 మైక్రాన్లు; వేలి వెడల్పు అందులో నాలుగోవంతు.

టాన్‌క్రెల్, హాలండ్‌ల 1971 వ్యాసంతో ప్రసిద్ధమైన డెల్టా నమూనాలో ప్రతి వేలూ ఒక చిన్న తరంగ జనకం. ఆలస్యాలను లెక్కలోకి తీసుకుని అన్నింటినీ కూడితే ఫిల్టర్ స్పందన ఆకారం తెలుస్తుంది. చేత్తో వేసుకోగల లెక్క, అదే దాని గొప్ప. అయితే అవరోధం, నష్టం, పరావర్తనం గురించి ఇది ఏమీ చెప్పదు.

అవి చెప్పింది 1969లో స్మిత్, ఆయన సహచరులు మేసన్ వలయం ఆధారంగా రూపొందించిన తుల్యవలయ నమూనా. ట్రాన్స్‌డ్యూసర్‌కు ఇందులో ఒక విద్యుత్ ద్వారం, రెండు ధ్వని ద్వారాలు. ఇరువైపులా తరంగం పంపే ట్రాన్స్‌డ్యూసర్‌ను విద్యుత్పరంగా పూర్తిగా జతపరిస్తే, దానిపై పడిన శక్తిలో నాలుగోవంతు వెనక్కి తిరుగుతుందని తేలింది. అలా రెండుసార్లు తిరిగిన తరంగం ఆలస్యంగా చేరి తెరపై నీడబొమ్మ వేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ల మధ్య 6 మిల్లీమీటర్లుంటే ఆలస్యం 3 మైక్రోసెకన్లు. టీవీ గీతలో కనిపించే భాగం 52 మైక్రోసెకన్లు కనుక, 40 సెంటీమీటర్ల తెరపై నీడ రెండు సెంటీమీటర్లకు పైగా పక్కకు పడుతుంది. యాంటెన్నా ఎంత తిప్పినా అది పోదు.

అందుకే రూపకర్తలు కావాలనే జత చెడగొట్టి, 15 నుంచి 20 డెసిబెళ్ల నష్టానికి ఒప్పుకున్నారు. ఆ నష్టాన్ని పూడ్చడానికి ఫిల్టర్ ముందు ఒక ట్రాన్సిస్టర్ వర్ధకాన్ని చేర్చారు.