నకలు కాయితం: కోర్టు రికార్డు గదిలో మన చరిత్ర

పాలమూరు చరిత్ర పాఠాలు – 9

మన వాడల చరిత్ర ఎక్కడ రాసి ఉంది అని క్లాసులో అడిగితే రెండు జవాబులు వస్తాయి. మన ముసలోళ్ల నోట్లో ఉందని కొందరంటారు, ఎక్కడా లేదని కొందరంటారు. మూడో జవాబు ఒకటుంది. అది కోర్టు రికార్డు గదిలో, గుడ్డలో కట్టిన కట్టల్లో, దుమ్ము కింద ఉంది. మనం పోయి అడగలేదు కాబట్టి మనకు లేనట్టే అయింది.

నేను చదివింది తెలుగు సాహిత్యం. వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల గురించి సాహిత్య చరిత్రల్లో పేజీలకు పేజీలున్నాయి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు కూడా ఉంది. ఏ రాజు ఏ కవికి ఏం సన్మానం చేశాడో దొరుకుతుంది. ఆ రాజుల ముందు డప్పు కొట్టిన మాదిగ ఎవరో, వెట్టి మోసిన మాల ఎవరో దొరకదు. కావ్యానికి మన పేర్లతో పని లేదు. కోర్టుకు మాత్రం ఉంది. వాంగ్మూలం మొదలయ్యేదే పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు అడిగి. ఒక కూలి మనిషి తన జీవితంలో తన గురించి తాను చెప్పింది ప్రభుత్వ కాయితం మీదికి ఎక్కే చోట్లు చాలా తక్కువ. సాక్షి బోను అందులో ఒకటి.

ఇది మనకు కొత్త దారి కాదు. మహద్ చెరువు పోరాటం అందరికీ తెలుసు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడాది డిసెంబర్ 12న సవర్ణులు కోర్టుకెక్కారన్నది అంతగా చెప్పుకోం. చెరువు తమ సొంతమనీ, అంటరానివాళ్లు ముట్టకూడదన్నది అనాది ఆచారమనీ వాళ్ల వాదన. మహద్‌లోని కింది కోర్టు తాత్కాలిక నిషేధం ఇచ్చింది. డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టిన సభ జరిగే నాటికి ఆ ఉత్తర్వు అమల్లోనే ఉంది. కేసు పదేళ్లు నడిచి, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో తేలింది. అనాది ఆచారం అన్నది రుజువు కాలేదని కోర్టు చెప్పింది. చూడండి, ఊరంతా నిజమని నమ్మే "ఆచారం" సాక్ష్యం అడిగేసరికి నిలబడలేదు. ఆ కాయితాలు ఉన్నాయి కాబట్టే ఈ మాట ఇవాళ ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

మన దగ్గరికి రండి. 1985 జూలై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది 1990 జనవరి 30న. అంటే ఏడాదిన్నర వయసున్న చట్టానికి అది పెద్ద పరీక్ష. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కారంచేడు కేసు 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాకా పోయి తేలింది.

ఈ రెండు కేసుల్లో పై కోర్టుల తీర్పులు ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. మనలో చాలామంది చదివింది అవే. కానీ పై కోర్టు తీర్పు సాక్షిని తూకం వేస్తుంది: నమ్మొచ్చా, నమ్మకూడదా, ముందు చెప్పిన దానికీ తర్వాత చెప్పిన దానికీ తేడా ఉందా. ఆ సాక్షి అసలు ఏం చెప్పింది? ఎదుటి వకీలు ఎన్ని ప్రశ్నలు వేశాడు? ఎక్కడ తడబడింది, ఎక్కడ తిరగబడింది? అదంతా కింది కోర్టు ఫైలులో ఉంటుంది. అది ఇంటర్నెట్‌లో ఉండదు. దాని నకలు తీసుకోకపోతే, చుండూరు తల్లుల మాట మనకు హైకోర్టు రాసిన ముక్కలుగా మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ భాష సంగతి కూడా చెప్పాలి. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. అయినా మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తుంటే జడ్జి ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించడమే ఎక్కువగా నడిచింది. కొత్తకోట సంతలో ఒక మాదిగ తల్లిని పదిమందిలో ఏ మాటతో తిట్టారో, ఆమె ఆ మాటను కోర్టులో ఎంత కష్టంగా పలికిందో, కాయితం మీదికొచ్చేసరికి "కులం పేరుతో దూషించాడు" అనే ఒక్క పొడి వాక్యం అవుతుంది. చట్టంలోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నేరం నిలవాలంటే ఏ మాట, ఎక్కడ, ఎవరి ముందు అన్నది ముఖ్యం. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మాత్రం తెలుగులో ఉంటుంది. అందుకే రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు దీని మీద పరిశోధన చేయొచ్చు. మన యాస ఎట్లా ఇంగ్లీషైంది, ఆ ఇంగ్లీషు ఎట్లా శిక్షో విడుదలో అయింది అన్నది చిన్న విషయం కాదు.

ఇక మన ప్రాంతం లెక్క. కొత్తకోట 2016 అక్టోబర్ 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది, ఆ తర్వాత వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కొత్త జిల్లాలకు తగ్గట్టు న్యాయ జిల్లాలు 2022 జూన్‌లో ఏర్పడ్డాయి. కాబట్టి 1995 నాటి కేసు ఇప్పుడు ఏ గదిలో ఉందన్నది ఊరిని బట్టి కాదు, ఆ రోజు ఏ కోర్టు విచారించింది, తర్వాత ఫైలు ఎటు పోయింది అన్న దాన్ని బట్టి తేలుతుంది. ముందు వనపర్తిలో అడగండి, లేదంటే మహబూబ్‌నగర్ పోండి. 1948కి ముందువైతే ఇంకో లోకం. వనపర్తి, గద్వాల లాంటి సంస్థానాలకు తమ పరిధిలో సొంత న్యాయాధికారాలుండేవి. నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ. ఆ కాయితాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి, ఉర్దూ చేతిరాత చదివే మనిషిని వెంట తీసుకుపోవాలి. ఉర్దూ మనకు పరాయిది కాదు. దావా, ఫిర్యాదు, వకాలత్, వాయిదా, జమానత్, పంచనామా, ఫైసలా, నకలు, ఇవన్నీ అక్షరం రాని మన తాతలకు నోటికొచ్చిన మాటలే. కోర్టు మెట్లెక్కిన జాతికే ఆ మాటలు తెలుస్తాయి.

ఇప్పుడు పని ఎట్లా చేయాలో చెప్తాను.

ఒకటి, నంబరు. నంబరు లేనిదే ఏ గుమాస్తా కట్ట విప్పడు. పోలీస్ స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం పట్టుకోండి. మెజిస్ట్రేట్ కోర్టులో నడిచింది సి.సి. నంబరు, సెషన్స్‌కు పోయేది ముందు పి.ఆర్.సి., తర్వాత ఎస్.సి. నంబరు. ఈ ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, షెడ్యూల్డ్ కులం కాదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో, ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుంటుంది. అయితే కంప్యూటర్లకు ముందు ముగిసిన కేసులు అందులో దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. వాటికి రిజిస్టర్లే గతి.

రెండు, పక్కదారి. 1995 నిబంధనల ప్రకారం అత్యాచార బాధితులకు ప్రభుత్వం సహాయం చెల్లించాలి. ఆ చెల్లింపు ఫైలులో ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు నకళ్లు ఉంటాయి. ఆ ఫైలు కోర్టుది కాదు, జిల్లా యంత్రాంగానిది. అదే నిబంధనల కింద జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. దాని మినిట్స్ కూడా ఉంటాయి. వీటిని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జిల్లా కార్యాలయానికి దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

మూడు, కోర్టు ఫైలు. దీనికి సమాచార హక్కు దరఖాస్తు పనిచేయదు. కోర్టు నిబంధనల ప్రకారమే నకలు తీసుకోవాలని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసులో పార్టీ అయితే మామూలు కాపీ అప్లికేషన్ చాలు. మనలాంటి బయటి వాళ్లయితే ఎందుకు కావాలో రాసి, అఫిడవిట్ జతచేసి, జడ్జి ఉత్తర్వు తీసుకోవాలి. "పరిశోధన కోసం" అని ఊరికే రాస్తే సరిపోదు. ఏ కేసు, ఏ కాయితం, దేనికోసం అన్నది వివరంగా రాయండి. అన్నిటికంటే మంచిది బాధితుల కుటుంబం చేతనే అడిగించడం. హక్కు వాళ్లది, మనం తోడు పోయేవాళ్లం.

నకలు చేతికొచ్చాక దాని మీద వేసిన ముద్ర చదవండి. దరఖాస్తు ఏ రోజు వేశారు, చార్జీలు ఏ రోజు అడిగారు, ఏ రోజు కట్టారు, నకలు ఏ రోజు తయారైంది, ఏ రోజు ఇచ్చారు అని తేదీలుంటాయి. ఇది ఉత్త లాంఛనం కాదు. నకలు కోసం పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. మనవాళ్ల అప్పీళ్లు గడువు దాటి పోకుండా ఆ తేదీలే కాపాడతాయి.

నాలుగు, తొందర. కోర్టు కాయితాలు ఎల్లకాలం ఉండవు. 1917 నాటి రికార్డుల నాశన చట్టం కింద హైకోర్టులు నిబంధనలు పెట్టుకున్నాయి. తీర్పులు ఎక్కువ కాలం ఉంచుతారు, మిగతా కాయితాలు గడువు తీరాక పోతాయి. ముందు పోయేది మనకు ఎక్కువ పనికొచ్చేదే.

దీనివల్ల ఏమొస్తుంది అని అడిగే మిత్రులకు ఒక్క సంగతి. మా వైపు ఒక ఊరు, పేరు రాయను. 1990లలో ఒక మాదిగ పాలేరు జీతం అడిగినందుకు దెబ్బలు తిన్నాడు. కేసైంది, కొట్టేశారు. అప్పటి నుంచి ఊర్లో ఆయన పేరు "దొంగ కేసు" మనిషి. ఆయన కొడుకుకు కూడా ఆ పేరు అంటింది. పీర్ల పండుగకు, పంచాయతీ ఎన్నికలకు ఆ మాట పైకొచ్చేది. ఇప్పుడు మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఆమె దరఖాస్తు పెట్టి తీర్పు నకలు తెచ్చింది. ఇద్దరం కూర్చొని చదివాం. కేసు అబద్ధమని ఆ తీర్పులో ఎక్కడా లేదు. డాక్టర్ వచ్చి చెయ్యి విరిగిందని చెప్పాడు. కళ్లారా చూసిన ముగ్గురు సాక్షులు కోర్టులో మాట మార్చారు. అందుకని నేరం రుజువు కాలేదని, సంశయ లాభం కింద విడుదల చేస్తున్నామని రాశారు. ఆ ముగ్గురూ అదే ఆసామి పొలంలో కూలికి పోయేవాళ్లు. ఆ సంగతి తీర్పులో లేదు, వాడలో అందరికీ తెలుసు.

విన్నాక తాత పెద్దగా ఏమీ అనలేదు. ఆ కాయితానికి జిరాక్స్ తీయించి పంచాయతీ ఆఫీసు దగ్గర చదవమని మనవరాలికి చెప్పాడు. ఆమె చదివింది. శిక్షలేమీ మారలేదు. దొంగ కేసు అన్న మాట మాత్రం ఆయన ముఖం మీద మళ్లీ ఎవరూ అనలేదు.

విడుదల అంటే అబద్ధం కాదు. ఈ చట్టం కింద కేసులన్నీ దొంగ కేసులని ప్రచారం చేసేవాళ్లు విడుదలల సంఖ్య చూపిస్తారు. ఒక్కొక్క విడుదల వెనుక ఎవరు మాట మార్చారు, పోలీసులు ఏది రాయలేదు, విచారణ ఎన్నేళ్లు సాగింది అన్నది ఆ తీర్పుల్లోనే ఉంది. సంఖ్యకు సంఖ్యతో జవాబు చెప్పలేం, కాయితంతో చెప్పగలం.

ఒక జాగ్రత్త. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు, ఆనవాలు బయటపెట్టడం నేరం. పిల్లల కేసుల్లోనూ అంతే. అది సరే, చట్టం అడ్డం రాని చోట కూడా కుటుంబాన్ని అడగకుండా నకలును ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మాట మార్చిన సాక్షుల పేర్లూ వద్దు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, మన బతుకే వాళ్లదీ.

కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు విద్యార్థులకు నా కోరిక ఇదే. ఈ సెలవుల్లో మీ వాడలో ఒక్క పాత కేసు అడిగి తెలుసుకోండి. సంవత్సరం గుర్తులేకపోతే "ఏ కరువప్పుడు, ఎవరి సర్పంచిగిరీలో" అని అడగండి, తేలుతుంది. నంబరు పట్టండి. ఆ కుటుంబంతో కలిసి నకలుకు దరఖాస్తు పెట్టండి. వచ్చిన కాయితాన్ని ముందు వాళ్లకే చదివి వినిపించండి.

వచ్చే భాగంలో 1954–55 ఖాస్రా పహాణీలో మన ఇనాం భూముల సంగతి చూద్దాం.

జై భీమ్.