బందరును ముంచినది ఉప్పెన ఒక్కటేనా?

1611లో గ్లోబ్ ఓడ మీద బందరు చేరిన ఈస్టిండియా కుంపిణీ ఇంగ్లీషువాళ్లు బేరగాళ్లు. గోల్కొండ సుల్తాను అధికారుల అనుమతి అడిగి అద్దకం గుడ్డలు కొనుక్కున్నారు. 1759లో ఫ్రెంచివారి నుంచి కోట గెలిచాక ఆ కుంపిణీవారే దొరలయ్యారు. ఊరి పతనం ఆనాడే మొదలైంది.

కోటలో ఎవరి మెట్టు వారిది. సీమ నుంచి దిగిన కుర్రాడు రైటరు. ఏళ్లు గడిస్తే ఫ్యాక్టరు, ఆపైన జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. అందరి మీదా చీఫ్, ఆయన కౌన్సిలు. మనవాళ్ల మెట్లు వేరు: దుబాసీ, గుమాస్తా, దలారీ, జవాను. ఎన్ని భాషలు వచ్చినా దుబాసీకి కౌన్సిలులో కుర్చీ లేదు. అందరికీ అడుగున నేసేవారు, అద్దేవారు. బయానా పుచ్చుకున్నాక గుడ్డ ధర వారి చేతుల్లోంచి జారిపోయేది. చిరివేరుతో ఎరుపు పండించిన ఆ చేతులకు పద్దులో మాట చెల్లలేదు.

1794లో కౌన్సిలు రద్దయి కలెక్టర్ల పాలన సాగింది. ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చి పడింది. 1832–33లో డొక్కల కరువు జనాన్ని ఊడ్చేసింది. 1833 చట్టంతో కుంపిణీ వ్యాపారమే మానుకుంది. కొనేవాడు వెళ్లిపోయాడు, శిస్తు అడిగేవాడు మిగిలాడు. ఇరాన్ బేరం మాత్రం కొన్ని అద్దకం ఇళ్లలో పొయ్యి ఆరనివ్వలేదు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది పోయారు. బతికినన్నాళ్లూ పద్దులో అంకెలైనవారు చావులోనూ అంకెగానే మిగిలారు.

కచేరీ మాత్రం కదల్లేదు. 1859లో ఏర్పడ్డ కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణం. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో ఇంగ్లీషు నేర్చిన పిల్లలకు సర్కారు కొలువుల దారి తెరుచుకుంది. సరుకు పంపిన రేవు అర్జీలు రాసే ఊరైంది. కృష్ణ మీద 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, ఆ తర్వాత వచ్చిన రైలు బెజవాడను పెంచాయి. బందరుకు రైలు ఇరవయ్యో శతాబ్దంలో గాని రాలేదు.

ఉప్పెన కొట్టింది ఒక్క రాత్రి. మెట్టును బట్టి మనిషి మాటకు విలువ కట్టిన కచేరీ అంతకుముందు వందేళ్లు కొట్టింది. బందరు పతనానికి సముద్రాన్నొక్కదాన్నే నిందిస్తే, ఆ గుడ్డలు నేసినవారికీ అద్దినవారికీ మనం మరోసారి అన్యాయం చేసినట్టే.