గుడ్లగూబ కన్ను నుంచి పీసీఆర్ దాకా: ఒక వైరస్‌ని పట్టుకున్న కథ



పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న రిపోర్టు ఫొటో పెట్టాడు. వాళ్ల మావకి కిడ్నీ మార్చారు, జ్వరం తగ్గట్లేదు. రిపోర్టులో ‘సీఎంవీ ఐజీజీ పాజిటివ్’ అని ఉంది. "అయితే వైరస్ లేచినట్టేనా?" అని అడిగాడు. మా హాస్టల్లో మైక్రోబయాలజీ చదివేది ముగ్గురం. ముగ్గురికీ సరిగ్గా చెప్పడం రాలేదు, సిగ్గేసింది. తర్వాత చదివి తెలుసుకున్నది రాస్తున్నాం.

సీఎంవీ అంటే సైటోమెగాలోవైరస్. మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి, తెలియకుండా ఒంట్లో పడుకుని ఉంటుంది. ఐజీజీ చెప్పేది ఆ పాత సంగతే. మార్పిడి మందుల వల్లో, హెచ్ఐవీ ముదిరో రోగనిరోధక శక్తి పడిపోతే అది లేస్తుంది. లేచిందా లేదా అని తేల్చడానికే ల్యాబులకి నూరేళ్లు పట్టింది.

1881లో జర్మనీలో రిబ్బర్ట్ అనే ఆయన, చనిపోయి పుట్టిన బిడ్డ కిడ్నీలో చాలా పెద్ద కణాలు చూశాడు. ఏమిటో అర్థం కాలేదు. తర్వాత వాళ్లు పరాన్నజీవులనుకున్నారు. కణం మధ్యలో ముదురు మచ్చ, చుట్టూ తెల్లటి వలయం, అచ్చం గుడ్లగూబ కన్ను. పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరే. మన ఊళ్లో గుడ్లగూబ అరిస్తే అమ్మమ్మలు కీడంటారు, ల్యాబులో దాని కన్ను కనపడినా కీడే! కానీ అది చూడాలంటే ఒంట్లోంచి ముక్క తియ్యాలి. చాలాసార్లు మనిషి పోయాకే తెలిసేది.

1956–57లో అమెరికాలో మార్గరెట్ స్మిత్, వాలెస్ రో, థామస్ వెల్లర్ ఎవరికి వారు ఈ వైరస్‌ని కణాల్లో పెంచగలిగారు. స్మిత్ అంతకుముందు ఎలుకల వైరస్ మీద పనిచేసింది. అందుకే ఆమె ముందు పంపిన పేపర్‌ని ఎలుకది కలిసిందేమోనని ఒప్పుకోలేదు. ఆమె ఇంకో బిడ్డ నుంచి మళ్లీ తీసి చూపించింది. మాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

పెంచడం వచ్చింది గానీ, ఫలితం కోసం వారాలు ఆగాలి. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల గురించి వచ్చిన రిపోర్టే ఎయిడ్స్ మీద మొదటిది. ఆ ఐదుగురిలోనూ సీఎంవీ ఆనవాళ్లున్నాయి. అలాంటి రోగికి వారాల టైం ఎక్కడిది? 1984లో షెల్ వయల్ పద్ధతి వచ్చి ఒకటి రెండు రోజులకి దించింది. 1988లో నెదర్లాండ్స్‌లో, తెల్ల రక్తకణాల్లో పీపీ65 అనే వైరస్ ప్రోటీన్‌ని లెక్కపెట్టే టెస్టు వచ్చింది. గంటల్లో తేలిపోతుంది. కాకపోతే రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపే ల్యాబులో పని మొదలవ్వాలి. మా ఊరి నుంచి కొండ దిగి సిటీ చేరేసరికే అంత టైం పడుతుంది. ఆ టెస్టు కనిపెట్టినోళ్లకి మన కొండలు తెలియవు కదా.

ఈ దూరం గోల పాతదే. 1986లో చెన్నైలో సునీతి సోలమన్ దగ్గర చదువుతున్న నిర్మల, రక్తం శాంపిళ్లని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, ఐస్‌లో పెట్టుకుని, రాత్రి రైల్లో వెల్లూరు తీసుకెళ్లింది. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది అలాగే. ఆమె అప్పటికి పీజీ విద్యార్థిని మాత్రమే.

ఇప్పుడు వాడేది పీసీఆర్. ప్లాస్మాలో వైరస్ డీఎన్ఏ ఎంతుందో అంకెల్లో చెబుతుంది, ప్రయాణాన్నీ కొంత తట్టుకుంటుంది. ల్యాబుకో అంకె వచ్చేది గనక 2010లో డబ్ల్యూహెచ్‌వో ఒక ప్రామాణికం పెట్టింది. అయినా ఒకే ల్యాబులో చేయించి, అంకె పెరుగుతోందా తగ్గుతోందా చూడడమే మేలు. కంటికి సోకితే మాత్రం రక్తంలో దొరక్కపోవచ్చు, కంటి డాక్టరే పాపని పెద్దది చేసి లోపల చూడాలి.

అన్నా, ఐజీఎం నెగెటివ్ వచ్చిందని కూడా ఊరుకోవద్దు. మందుల వల్ల మావ ఒళ్లు దాన్ని తయారుచెయ్యలేకపోవచ్చు. "సీఎంవీ వైరల్ లోడ్ చేయించాలా సార్" అని కిడ్నీ డాక్టర్ని రేపే అడుగు. ఏమన్నారో ఇక్కడ రాయి.