మట్టిపలకలు – ఒక బాలుని ప్రశ్న

1936వ సంవత్సరమున లండను నగరమందలి బర్లింగ్టన్ హౌసులో పురావస్తు ప్రదర్శనమును చూడవచ్చిన పాఠశాలా విద్యార్థులకు, క్రీటు ద్వీపమున క్నోసోస్ రాజప్రాసాదమును త్రవ్వి వెలికిదీసిన 85 ఏండ్ల వృద్ధుడు సర్ ఆర్థర్ ఈవాన్స్ స్వయముగా మట్టిపలకలను చూపుచు, వానిపైని లిపిని ఇంతవరకు ఎవ్వరును చదువలేదని చెప్పగా, 14 ఏండ్ల బాలు డొకడు ఆ మాట నిజమేనా యని మరల నడిగెనట. ఆ బాలుడు మైకేల్ వెంట్రిస్. ఏడవయేటనే ఈజిప్టు చిత్రలిపిని గూర్చిన జర్మను గ్రంథమును కొనుక్కొన్నవా డగుటచే ఆ ప్రశ్న యాకస్మికము గాదు. 18వ యేట, వయస్సు దాచి వ్రాసిన వ్యాసము 1940లో అమెరికా పురాతత్త్వ పత్రికయందు అచ్చయ్యెను.

యుద్ధకాలమున విమానదళమున పనిచేసి, పిమ్మట పాఠశాలాభవనములకు నక్షలు గీయుచు జీవించిన ఈ వాస్తుశిల్పికి విశ్వవిద్యాలయ పీఠము లేదు. అంతకంటె పెద్దలోటు సామగ్రిది: 1900లోనే దొరకిన క్నోసోస్ పలకలలో అధికభాగమును ఈవాన్స్ 1941లో మరణించువరకును ప్రకటింపలేదు. తాను చదువలేనిదానిని ఇతరుల కందనీయకుండుట పండితధర్మము కాదని నా దృఢవిశ్వాసము. వెంట్రిసో, తన యూహలను ఎప్పటికప్పుడు ప్రతులు తీయించి దేశదేశముల పండితులకు పంపుచుండెను.

న్యూయార్కు నగరమున ఆలిస్ కోబర్ అను విదుషి, ఒకే పదము చివర అక్షరములు మారుచుండుట గమనించి, ఆ భాషకు విభక్తిప్రత్యయములు గలవని చూపి, 1950లో కన్నుమూసెను. ఆమె త్రోవనే పోయి వెంట్రిస్ కూర్చిన పట్టిక మన పిల్లలు పలకపై దిద్దు గుణింతము వంటిది: అడ్డువరుస యంతయు నొకే హల్లు, నిలువువరుస యంతయు నొకే అచ్చు. మన క, కి, కులకు రూపసామ్యమైన నున్నది. ఆ లిపిలో అదియు లేదు, ధ్వనియు తెలియదు. పదాంతముల మార్పులే ముఖ్యాధారముగా, సుమారు 90 అక్షరములలో నేది యే హల్లునకు చెందునో తేల్చవలెను. తుదకు, ఊళ్ళపేర్లు కాదగిన పదములందు క్నోసోస్, అమ్నిసోస్ అను శబ్దముల నమర్చి చూడగా, తక్కిన పదములు గ్రీకుగా పలుకసాగెను.

తొలివ్యాసమునాటి నుండియు ఆ భాష ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కను భాషకు చుట్టమని నమ్మినవాడు, ఆ నమ్మకమును విడిచి, 1952 జూలై 1న బి.బి.సి. ప్రసంగమున అది హోమరుకంటె దాదాపు 500 ఏండ్ల పూర్వపు గ్రీకని ప్రకటించెను. ఇష్టసిద్ధాంతమును సాక్ష్యమునకు లోబరచిన ఆ నిజాయితీయే నాకు లిపి చదువుటకంటెను గొప్పగా తోచును. మరుసటియేడు పురాతత్త్వవేత్త బ్లెగెన్, గ్రీసులోని పైలోస్ త్రవ్వకములలో తనకు లభించిన యొక పలకను ఈ పద్ధతిని చదివిచూచెను. వెంట్రిస్ దాని నదివర కెరుగడు. ముక్కాలిపాత్రల బొమ్మల చెంత 'తిరిపోదె' అనియు, నాలుగు పిడుల పాత్రకు నాలుగనియు, పిడులు లేనిదానికి లేవనియు అక్షరములు చెప్పెను.