రుచి వైముఖ్యం

ఏదైనా పదార్థం తిన్న తరువాత వికారమో వాంతో కలిగితే, ఆ పదార్థపు రుచిని జంతువు గాని మనిషి గాని అటుపైన ఏవగించుకోవడాన్ని మనస్తత్వశాస్త్రంలో రుచి వైముఖ్యం అంటారు. దీన్ని విస్తృతంగా పరిశోధించిన జాన్ గార్సియా పేరు మీద గార్సియా ప్రభావం అని కూడా వ్యవహరిస్తారు. పాఠ్యగ్రంథాలు దీన్ని పావ్లోవ్ వివరించిన శాస్త్రీయ నిబంధనంలో ఒక రకంగా చూపుతాయి. ఆ వర్గీకరణ తప్పు కాదు, అసంపూర్ణం. రెండు ఉద్దీపనలు వెంటవెంటనే రావాలని, ఆ జత పలుమార్లు పునరావృతం కావాలని 1960ల దాకా నిబంధనానికి విధించిన షరతులు ఇక్కడ నిలవలేదు. ఏ ఉద్దీపననైనా ఏ ఫలితంతోనైనా సమానంగా ముడిపెట్టవచ్చన్న నమ్మకం అంతకన్నా గట్టిగా దెబ్బతింది.

పూర్వరంగం

ఈ లక్షణాన్ని ప్రయోగశాలల కన్నా ముందే గుర్తించినవాళ్లు ఎలుకల నివారణలో పనిచేసినవాళ్లు. విషపు ఎరను కొద్దిగా తిని జబ్బుపడి కోలుకున్న ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి రాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధాన్యం నిల్వలను కాపాడటానికి సాగిన పరిశోధనల్లో ఇది బాగా తెలిసిన చిక్కే. 1953లో ర్జోస్కా ఈ విషయం మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. మనస్తత్వశాస్త్ర చరిత్రకారులు ఈ పరిశోధనలకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల వరి రైతులకు ఇది పొలంలో ఎదురయ్యే సమస్య. జింకు ఫాస్ఫైడ్ పెట్టే ముందు మందు కలపని నూకలను నూనె పట్టించి బొరియల దగ్గర ఉంచి ఎలుకలను మరపాలని వ్యవసాయ నిపుణులు చెబుతారు. అది త్వరగా పనిచేసే విషం. చాలినంత తినకుండా బతికిపోయిన ఎలుక అదే ఎరను మళ్లీ ముట్టదు కనుక వెనువెంటనే రెండోసారి పెట్టినా ఫలితం ఉండదు. బ్రోమోడయోలోన్ సంగతి వేరు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి పెట్టే ఈ ఎర రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీసి, కొన్ని రోజుల తరువాత చంపుతుంది. తిన్నదానికీ వచ్చిన జబ్బుకూ అంత ఎడం ఉన్నప్పుడు ఎలుక ఆ రెంటినీ కలపలేదు.

పావ్లోవ్ ఉపన్యాసాల్లోనూ ఈ విషయపు జాడ ఉంది. 1927లో వెలువడిన ఆంగ్లానువాదంలో ఆయన క్రిలోవ్ పరిశీలనను ఉదాహరించారు. కుక్కకు మార్ఫిన్ సూదిమందు కొన్ని రోజులు వరసగా ఇచ్చాక, మందు ఎక్కించకముందే, ఆ ఏర్పాట్లు చూడగానే దానికి లాలాజలం ఊరి వాంతి వచ్చేది. అక్కడ వికారంతో ముడిపడినది చూపే గాని రుచి కాదు, అదీ పలుమార్లు జరిగాక. అందువల్ల దీన్ని ఆవిష్కరణగా కాక పూర్వసూచనగా లెక్కించడమే సబబు.

గార్సియా ప్రయోగాలు

జాన్ గార్సియా (1917–2012) కాలిఫోర్నియాలో, స్పెయిన్ నుంచి వలస వచ్చిన వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. మెకానిక్‌గా, నౌకల తయారీలో కార్మికుడిగా పనిచేసి, యుద్ధం తరువాత బర్క్‌లీలో చదివారు. పిహెచ్‌డి మధ్యలో ఆపి 1950ల తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికా నావికాదళ ప్రయోగశాలలో చేరారు. రేడియోధార్మికత జీవుల మీద చూపే ప్రభావాన్ని అక్కడ అధ్యయనం చేసేవారు. ఆయనకు డాక్టరేటు 1965లో గాని రాలేదు.

ఆవిష్కరణ ఎలా జరిగిందన్న దాని మీద ఎక్కువ ప్రచారంలో ఉన్న కథ ప్లాస్టిక్ సీసాలది. వికిరణ గదిలో ఎలుకలకు నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో, మామూలు బోనుల్లో గాజు సీసాల్లో ఉండేవని, ప్లాస్టిక్ రుచి తగిలిన నీటినే ఎలుకలు మానేయడం గార్సియా కంటపడిందని చెబుతారు. ఇందులో వాస్తవం ఉండవచ్చు. అయితే ఆవిష్కరణ అంతా యాదృచ్ఛికమన్నట్టు కొందరు రాయడం సరికాదు. గార్సియా, కిమెల్‌డార్ఫ్, కోయెలింగ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించినది పకడ్బందీగా రూపొందించిన ప్రయోగం. ఎలుకలు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగుతున్న సమయంలో వాటికి గామా కిరణాలు తగిలేలా చేశారు. ఒకే ఒక్కసారి అలా జరిగాక, అంతకుముందు ఇష్టంగా తాగిన తీపినీటిని అవి మానుకున్నాయి. కిరణాల మోతాదు హెచ్చిన కొద్దీ వైముఖ్యమూ హెచ్చింది. కిరణాలు తగలని ఎలుకలు తీపినీటినే కోరుకున్నాయి.

అసలు సంచలనం 1966లో వచ్చింది. కొందరు ఆవిష్కరణ తేదీగా ఆ సంవత్సరాన్నే ఇస్తారు. దృగ్విషయానికి 1955ను, దాని సైద్ధాంతిక ప్రాధాన్యానికి 1966ను తేదీలుగా తీసుకోవడం మేలు. ఆ ఏడాది గార్సియా, కోయెలింగ్ చేసిన ప్రయోగంలో ఎలుక నీటి గొట్టాన్ని నాకినప్పుడల్లా నాలుకకు రుచి తగిలేది, దీపం వెలిగేది, టిక్కుమని చప్పుడయ్యేది. రుచి, వెలుగు, చప్పుడు మూడూ కలిసే వచ్చేవి. తరువాత కొన్ని ఎలుకలకు ఎక్స్ కిరణాలతోనో లిథియం క్లోరైడ్‌తోనో కడుపులో తిప్పేలా చేశారు, మరికొన్నింటికి పాదాలకు విద్యుత్తు షాకు ఇచ్చారు. ఆపైన రుచిని విడిగా, వెలుగూ చప్పుళ్లను విడిగా పెట్టి పరీక్షించారు. జబ్బుపడ్డ ఎలుకలు రుచిగల నీటిని వదిలేసి, వెలుగూ చప్పుడూ వచ్చే నీటిని మాత్రం మామూలుగా తాగాయి. షాకు తిన్నవి దానికి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తించాయి. కడుపులోని బాధకు నాలుకను, చర్మానికి తగిలిన నొప్పికి కంటినీ చెవినీ అవి బాధ్యుల్ని చేశాయి. రూపకల్పనలో ఇంత సరళంగా ఉండి ఫలితంలో ఇంత తేటగా తేలిన ప్రయోగాలు అభ్యసన పరిశోధనలో అరుదు.

అదే ఏడాది ఎర్విన్‌తో కలిసి ప్రచురించిన మరో వ్యాసం కాలవ్యవధి షరతును పరీక్షించింది. తీపి తాగిన గంటకు పైబడి ఆగి వికారం కలిగించే మందు ఇచ్చినా వైముఖ్యం ఏర్పడింది. మరుసటి ఏడాది స్మిత్, రోల్ ఎక్స్ కిరణాలతో చేసిన పరిశోధనలో ఈ ఎడం పన్నెండు గంటల దాకా సాగింది. గంట మోగిన కొద్ది క్షణాల్లో ఆహారం రాకపోతే కుక్క నేర్చుకోదని బోధిస్తున్న రోజుల్లో ఈ ఫలితాలను నమ్మినవారు తక్కువ. ప్రతిష్ఠ గల పత్రికలు తిప్పిపంపగా, 1966 నాటి రెండు వ్యాసాలూ ‘సైకనామిక్ సైన్స్’ అనే చిన్న పత్రికలో వెలువడ్డాయి. ఈ తిరస్కారాల గురించి గార్సియా 1981లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’లో స్వయంగా రాశారు. బాధితుడి వాదనగా దాన్ని కాస్త తగ్గించి చదవాలనే వారున్నారు. ఆ ఫలితాలను తరువాత ఇతర ప్రయోగశాలలు పదేపదే నిర్ధారించాయి కనుక పత్రికల తీర్పు పొరపాటే.

మెదడులో

వేడి పచ్చడి ముద్ద నోట పెట్టినప్పటి రుచి సమాచారమూ, కడుపు పేగుల నుంచి వేగస్ నాడి తెచ్చే సమాచారమూ మెదడు కాండంలో ఒకే నిర్మాణానికి చేరతాయి. మజ్జాముఖంలోని సాలిటరీ కేంద్రకం అది. దాని ముందు భాగం రుచిని, వెనుక భాగం ఉదరావయవాల సంకేతాలను అందుకుంటుంది. పక్కనే ఏరియా పోస్ట్రీమా ఉంది. మెదడులో చాలా చోట్ల రక్తంలోని పదార్థాలను అడ్డుకునే పొర ఇక్కడ బలహీనం కాబట్టి, రక్తంలో చేరిన విషాన్ని ఈ భాగం పసిగట్టగలదు. ఇక్కడి నుంచి సమాచారం పాన్స్‌లోని పారాబ్రాకియల్ కేంద్రకానికి, అటు నుంచి అమిగ్డలాకూ ఇన్సులా వల్కలానికీ వెళ్తుంది. ఎలుకల్లో పారాబ్రాకియల్ కేంద్రకం దెబ్బతింటే కొత్త వైముఖ్యం ఏర్పడటం ఆగిపోతుంది. 2015లో పామిటర్ బృందం చుంచెలుకల్లో ఈ కేంద్రకంలోని ఒక రకం నాడీకణాలను కృత్రిమంగా ఉత్తేజపరిచి, అసలు జబ్బు లేకుండానే వైముఖ్యాన్ని కలిగించింది. అమిగ్డలా పాత్ర ఎంతన్నది ఇంకా తేలలేదు. అక్కడ చేసిన గాయాల ఫలితాలు ఒక ప్రయోగశాల నుంచి మరోదానికి మారుతున్నాయి.

ఈ అభ్యసనానికి స్పృహ తప్పనిసరి కాదు. రుచి చూశాక మత్తుమందు ఇచ్చి, ఆ నిద్రలోనే జబ్బు కలిగించినా ఎలుకల్లో వైముఖ్యం ఏర్పడుతుంది. మనుషుల్లో కారణం తెలిసి ఉండటం కూడా దీన్ని ఆపలేదు. మార్టిన్ సెలిగ్‌మన్‌కు బేర్నైజ్ సాస్ తిన్న రాత్రి వాంతులయ్యాయి. అది ఫ్లూ వల్లేనని తెలిసినా ఆ సాస్ అంటే ఆయనకు అయిష్టం పోలేదు. మెదడు కొన్ని జతలను నేర్వడానికి ముందే సిద్ధంగా ఉంటుందన్న వాదాన్ని ఆయన 1970లో ప్రతిపాదించారు.

ఇతర జీవులలో

ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. మింగిన విషాన్ని బయటికి పంపలేని జీవికి రుచిని గుర్తుంచుకోవడం మరింత అవసరమని కొందరు వివరిస్తారు. కాని వాంతి చేసుకోగల జంతువుల్లోనూ ఈ లక్షణం బలంగానే ఉంది కనుక ఇది పాక్షిక వివరణే. చూపు మీద ఆధారపడి తినే పక్షుల్లో పరిస్థితి మారుతుంది. 1971లో విల్‌కాక్సన్ బృందం నీలిరంగు పుల్లటి నీటిని ఎలుకలకూ కంజు పిట్టలకూ పట్టి జబ్బు కలిగిస్తే, ఎలుకలు పులుపును, పిట్టలు నీలాన్ని మానేశాయి. జిల్లేడు కుటుంబపు మొక్కల మీద పెరిగే మోనార్క్ సీతాకోకచిలుకను తిని వాంతి చేసుకున్న బ్లూ జే పక్షి, ఆ తరువాత దాన్ని చూసి తప్పుకుంటుందని లింకన్ బ్రోవర్ చూపారు. రక్తం తప్ప మరేదీ తినని సాధారణ వాంపైర్ గబ్బిలం మాత్రం రుచి వైముఖ్యాన్ని నేర్చుకోదని 2003లో తేలింది. ఒకే ఆహారం తినే జీవికి దీని అవసరం లేదు.

గొర్రెలను కాపాడటానికి లిథియం క్లోరైడ్ కలిపిన మాంసాన్ని కయోటీలకు ఎరగా వేసే పద్ధతిని గుస్తావ్‌సన్, గార్సియా బృందం 1974లో సూచించింది. మేత మైదానాల్లో ఫలితాలు ఏకరీతిగా లేవు.

వైద్యంలో

కేన్సర్‌కు కీమోథెరపీ పొందుతున్న పిల్లలు తిండి మానేయడానికి ఇది ఒక కారణమని ఐలీన్ బెర్న్‌స్టీన్ 1978లో నిరూపించారు. మందుకు ముందు కొత్త రుచి గల ఐస్‌క్రీం తిన్న పిల్లలు తరువాత దాన్ని వద్దనడం ఎక్కువైంది. 1987లో బ్రోబెర్గ్‌తో కలిసి ఆమె దీనికి ఉపాయం చూపారు. భోజనానికీ మందుకూ మధ్య ఘాటైన రుచి గల బిళ్ల చప్పరిస్తే వైముఖ్యంలో చాలా భాగం ఆ బిళ్ల మీదికి పోయి, భోజనం మీద అయిష్టం తగ్గుతుంది. ఖర్చు లేని ఈ పద్ధతికి తగినంత ప్రచారం రాకపోవడం విచారకరం. 1975లో ఏడర్, కోహెన్ శాకరిన్‌ను రోగనిరోధక శక్తిని తగ్గించే సైక్లోఫాస్ఫమైడ్‌తో జతచేయగా, తరువాత ఒట్టి శాకరిన్‌కే ఎలుకల్లో నిరోధక స్పందన తగ్గింది. నాడీవ్యవస్థకూ రోగనిరోధక వ్యవస్థకూ గల సంబంధం మీద పరిశోధనలు ఇక్కడి నుంచే ఊపందుకున్నాయి.

సైద్ధాంతిక స్థానం

రుచి వైముఖ్యం వేరే అభ్యసన నియమమా, పాత నియమానికే ఒక తీవ్ర రూపమా అన్న చర్చ 1970లలో ముమ్మరంగా సాగింది. జబ్బు కలగకుండా అదే రుచి పలుమార్లు తగిలితే నెమ్మదిగా తగ్గడం, ముందే పరిచయమున్న రుచికి వైముఖ్యం తక్కువగా ఏర్పడటం వంటి లక్షణాలు మామూలు నిబంధనంలోనూ ఉన్నవే. అందుకే రెండో అభిప్రాయమే నేడు ఎక్కువమందికి సమ్మతం. ఇంద్రియాలన్నీ అభ్యసనంలో సమానమన్న పాత భావన మాత్రం తిరిగి నిలబడలేదు. మన ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో పావ్లోవ్ కుక్కకు, స్కిన్నర్ పెట్టెకు ఉన్న చోటు గార్సియా ఎలుకకూ దక్కాలి.